కాలకూడని కాగితం

సిగరెట్‌లోని పొగాకును అందరూ తిడతారు. దాని చుట్టూ ఉన్న కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. వందేళ్లకు పైగా చక్కగా కాలడమే పనిగా బతికిన ఆ కాగితానికి ఇప్పుడు ‘కాలకుండా ఉండు’ అని కొత్త పని అప్పగించారు. వినడానికి మంచి కబురులాగే ఉంది. మరి ఆ కాగితం దాచిపెడుతున్నదేమిటి?

బడ్డీకొట్టు పక్కన నిలబడి సిగరెట్ కాల్చే మనిషి చాలా విషయాలు ఆలోచిస్తాడు. మొన్నటికీ ఇవాళ్టికీ పెరిగిన ధర, ఆఫీసులో జరిగిన గొడవ, ఈసారైనా మానేద్దామన్న పాత ఒట్టు... ఏదైనా గుర్తుకు రావొచ్చు. కాగితం మాత్రం గుర్తుకు రాదు. అది కాలి బూడిదై రాలిపోతుంది. మిగిలిన పీకను చెప్పుకింద నలిపేసి వెళ్లిపోతాడు. అంతటితో దాని కథ ముగిసింది.

నిజానికి ఆ కాగితానికి ఉన్న లెక్కలు చూస్తే ఔరా అనిపిస్తుంది. ఎంత బరువుండాలి, ఎంత గాలి పీల్చాలి, ఎంత వేగంగా కాలాలి, బూడిద ఏ రంగులో రాలాలి... అన్నిటికీ కొలతలున్నాయి. ఆ కొలతలన్నీ ఇప్పుడు తలకిందులవుతున్నాయి. పొగాకును కాల్చకుండా వేడిచేసి పీల్చే కొత్తరకం ఉత్పత్తులు కొన్ని దేశాల్లో జోరుగా అమ్ముడవుతున్నాయి. వాటికోసం కాలని కాగితం కావాలి. ఆ కాగితం తయారుచేయడమే ఇప్పుడు ఇంజినీర్లకు పెద్ద పని.

ఆకుకు ఆకే చుట్టు

పొగాకును ఎప్పుడైనా ఏదో ఒకదాంట్లో చుట్టాల్సిందే. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటన్నదాన్ని బట్టే పొగ మారుతుంది, పీల్చే తీరు మారుతుంది, వచ్చే జబ్బు కూడా మారుతుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు.

గోదావరి లంకల్లో రైతు పొగాకును పొగాకుతోనే చుట్టేశాడు. అదే చుట్ట. ఉత్తరాంధ్ర తీరపల్లెల్లో ఆడవాళ్లు అదే చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవారు. దాన్నే ‘అడ్డపొగ’ అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిలి మాడిపోయి పుండ్లు పడతాయి. అంగిలి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధం గురించి విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల రోగులను చూసిన వైద్యులు 1960ల నుంచీ రాస్తూనే ఉన్నారు.

ఉత్తర తెలంగాణకు వెళ్తే చుట్టు మారిపోతుంది. అక్కడ తునికాకు. ఎండాకాలంలో అడవికి వెళ్లి ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి ఆరబెడతారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లలో ఆడవాళ్లు ఆ ఆకును తడిపి, కొలత ప్రకారం కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టేస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి.

తునికాకుకో గుణం ఉంది. అది గాలిని సరిగా చొరనివ్వదు. కాసేపు పీల్చకపోతే బీడీ ఆరిపోతుంది. అందుకే బీడీ కాల్చేవాళ్లు గట్టిగా, గబగబా దమ్ము మీద దమ్ము లాగుతారు. బీడీలో పొగాకు తక్కువే కదా అనుకుంటే పొరపాటు. ఆ కాస్త పొగాకు నుంచే కార్బన్ మోనాక్సైడ్, తారు దండిగా లోపలికి వెళ్తాయి. చుట్టిన ఆకు గుణం ఊపిరితిత్తులకు శాపమైందన్నమాట.

సిగరెట్ దగ్గరికి వచ్చేసరికి ఆకు స్థానంలో కాగితం వచ్చింది. కాగితం వచ్చాకే పొగాకు యంత్రం చేతికి చిక్కింది. అమెరికాలోని వర్జీనియాకు చెందిన జేమ్స్ బాన్సాక్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు 1880లో సిగరెట్లు చుట్టే యంత్రం తయారుచేశాడు. మరుసటి ఏడాది పేటెంట్ వచ్చింది. చేత్తో చుట్టేవాళ్లు నిమిషానికి నాలుగు చుడితే గొప్ప. ఆ యంత్రం దాదాపు 200 చుట్టేది. ఇవాళ్టి యంత్రాల్లో వేగమైనవి నిమిషానికి 20 వేల దాకా చుడుతున్నాయి. అంత వేగంలో లాగినా తెగకుండా ఉండేంత బలం, వేలెడు వెడల్పు కూడా లేని ఆ కాగితపు రీలుకు ఉండాలి.

కాలడానికీ కొలతలే

మొదట్లో ఈ కాగితాన్ని పాత నారబట్టల పీలికల నుంచి తీసేవారు. తర్వాత అవిసె నార వాడారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అమెరికా కూడా సిగరెట్ కాగితానికి ఫ్రాన్స్ మీదే ఆధారపడింది. 1939లో నార్త్ కరోలినాలో హ్యారీ స్ట్రాస్ ఎకుస్టా మిల్లు పెట్టి అవిసె గడ్డి నుంచి కాగితం తీయడం మొదలుపెట్టాక అక్కడి కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. మన దేశంలో పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లాలోని త్రివేణి ఈ పల్చటి కాగితాలకు పేరున్న చోటు. సిగరెట్ పెట్టెల అట్టకైతే భద్రాచలం ఎదురుగా గోదావరి ఒడ్డునున్న సారపాక మిల్లు మనకు దగ్గరి చుట్టం.

పిల్లల నోటు పుస్తకం కాగితం చదరపు మీటరుకు 55, 60 గ్రాములు తూగుతుంది. సిగరెట్ కాగితం దాంట్లో సగం... 20 నుంచి 30 గ్రాములు. ఆ బరువులోనూ పావు వంతు నుంచి మూడో వంతు దాకా సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్. లోపలి పొగాకు రంగు బయటికి కనపడకుండా తెల్లగా ఉంచేది అదే. నారకూ నారకూ మధ్య సన్నటి సందులు మిగిల్చి గాలి ఆడనిచ్చేది అదే. బూడిద తెల్లగా కనిపించడానికీ అదే కారణం.

గాలి ఎంత ఆడాలన్నదానికి ‘కొరెస్టా’ అనే కొలత ఉంది. ఒక చదరపు సెంటీమీటరు కాగితం గుండా, ఒక కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర, నిమిషంలో ఎన్ని ఘన సెంటీమీటర్ల గాలి వెళ్తుందో అదే ఆ అంకె. అంకె పెరిగితే బయటి గాలి ఎక్కువగా కలిసి పొగ పల్చబడుతుంది. తగ్గితే చిక్కబడుతుంది. ఇక కాలే వేగాన్ని సరిచేయడానికి నిమ్మ ఉప్పుకు చుట్టాలైన సిట్రేట్ లవణాలను కాగితానికి పట్టిస్తారు. మనిషి పీల్చినా పీల్చకపోయినా నిప్పు ఆరకుండా నెమ్మదిగా నడవడానికి అవి తోడ్పడతాయి.

దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొసన వేడి దాదాపు 900 డిగ్రీలు. ఊరకే ఉన్నప్పుడు 600 డిగ్రీల చిల్లర. ఆ నిప్పును పట్టుకుని, ఒక పద్ధతిలో వెనక్కి నడిపించడమే వందేళ్లుగా ఆ కాగితం చేసిన ఉద్యోగం.

నిద్రపోని నిప్పు

ఆ ఉద్యోగం బాగా చేయడమే కొంపముంచింది. వెలిగించిన సిగరెట్ చేతిలోంచి జారి పరుపు మీదో సోఫాలోనో పడుతుంది. మనిషి నిద్రలోకి జారుకుంటాడు. నిప్పు మాత్రం నిద్రపోదు. లోలోపల దూదిని రాజేస్తూ ఉంటుంది. మంట పైకి కనిపించేసరికి గది నిండా పొగ!

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వెస్ట్‌వుడ్‌లో సిగరెట్ వల్ల రేగిన మంటల్లో ఒకే ఇంట్లో ఏడుగురు చనిపోయారు. తల్లి, తండ్రి, అయిదుగురు పిల్లలు. ఆ ప్రాంత ప్రతినిధి జో మోక్లీ ఆ ఏడాదే చట్టసభలో ఒక ప్రశ్న వేశాడు. వదిలేస్తే తనంతట తానే ఆరిపోయే సిగరెట్‌ను ఎందుకు తయారుచేయకూడదు?

చేయొచ్చని తేలింది. దానికి పొగాకును ముట్టుకోనక్కర్లేదు, కాగితం మారిస్తే చాలు. కాగితం మీద అక్కడక్కడ అడ్డంగా సన్నటి పట్టీల్లా పిండిపదార్థం లాంటి పూత పూస్తారు. పట్టీ ఉన్నచోట గాలి ఆడదు. పీలుస్తూ ఉంటే నిప్పు పట్టీని దాటేస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే పట్టీ దగ్గరికొచ్చి గాలి అందక ఆరిపోతుంది. మన తునికాకు ఎప్పుడూ చేస్తున్న పనే!

పరీక్ష కూడా తేలికే. పది పొరల వడపోత కాగితం మీద వెలిగించిన సిగరెట్లు పెడతారు, ఒక్కో విడతకు 40. వాటిలో నాలుగో వంతుకు మించి చివరిదాకా కాలకూడదు. 2004 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం దీన్ని తప్పనిసరి చేసింది. 2005లో కెనడా, 2011 నవంబరులో ఐరోపా సమాఖ్య అదే బాట పట్టాయి. 2011 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. ప్రశ్న వేసిన నాటి నుంచి పాతికేళ్లు పట్టింది తొలి అడుగు పడటానికి. కాగితం మారడానికి పాతికేళ్లు అక్కర్లేదు. మనసులు మారడానికే పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ పట్టీల వల్ల ఇళ్లు కాలిపోయే ప్రమాదం తగ్గింది. సిగరెట్ వల్ల ఒంటికి జరిగే చేటు ఒక్క పిసరు కూడా తగ్గలేదు. ఒక ప్రమాదం తగ్గినంత మాత్రాన వస్తువు మంచిదైపోదు.

కాల్చొద్దు... వేడిచేద్దాం!

పొగాకు కాలినప్పుడే కదా తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి అంతంత పుట్టేది! మరి కాల్చకుండా వేడిచేస్తే? ఈ ఆలోచన ఇప్పటిది కాదు. ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ 1988లో ‘ప్రీమియర్’ పేరుతో అలాంటి సిగరెట్‌ను అమెరికాలో కొన్ని నగరాల్లో అమ్మి చూసింది. కొసన బొగ్గు ముక్క, లోపల అల్యూమినియం గొట్టం. రుచి బాగోలేదని జనం మొహం తిప్పుకున్నారు. 1989లోనే వెనక్కి తీసుకున్నారు. 1998లో ఫిలిప్ మోరిస్ ‘అకార్డ్’ అనే బ్యాటరీ పరికరాన్ని తెచ్చింది. అదీ నిలవలేదు.

2014 చివర్లో అదే సంస్థ జపాన్‌లోని నగోయా, ఇటలీలోని మిలాన్ నగరాల్లో ‘ఐకోస్’ను దించింది. ఈసారి నిలిచింది. 2016 డిసెంబరులో బ్రిటిష్ అమెరికన్ టొబాకో ‘గ్లో’తో జపాన్‌లోని సెండాయ్‌కి వచ్చింది. జపాన్‌లోనో దుబాయ్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు ఈ పరికరాలు కొత్తేమీ కాదు.

చూడటానికి పెన్నులాంటి పరికరం. దాంట్లో గుచ్చేది ఓ చిన్న పుల్ల. మామూలు సిగరెట్ పొడవు 84 మిల్లీమీటర్లయితే ఐకోస్ కోసం చేసిన పుల్ల 45 మిల్లీమీటర్లే. అందులోనూ పొగాకు ఉండేది 12 మిల్లీమీటర్ల మేర. మిగతాదంతా బోలు గొట్టం, పొగను చల్లబరిచే భాగం, ఫిల్టర్.

ఆ పొగాకు కూడా మనం ఒంగోలు వైపు బ్యారన్ల దగ్గర చూసే ఆకులా ఉండదు. ఆకును మెత్తగా పొడిచేసి, నీళ్లు, గ్లిజరిన్, గోరుచిక్కుడు జాతి గింజల నుంచి తీసే గ్వార్ జిగురు కలిపి, పల్చగా పోసి ఆరబెడతారు. అచ్చం మామిడి తాండ్రలాగే! ఆ రేకును ముడతలు పెట్టి, కాగితంలో చుడతారు. వేడి తగలగానే గ్లిజరిన్ ఆవిరై, నికొటిన్‌ను వెంటబెట్టుకుని బయటికొస్తుంది. పొగలా కనిపించేది అదే.

కొత్త కాగితానికి అగ్నిపరీక్షలు

అసలు చిక్కంతా ఇక్కడే మొదలైంది. పాత కాగితాన్ని ఈ పుల్లకు చుడితే ఒక్క రోజు కూడా పనికిరాదు.

మొదటిది తడి. గ్లిజరిన్, నీటి ఆవిరి కలిసి వేడివేడిగా కాగితానికి తగులుతాయి. 25 గ్రాముల పల్చటి కాగితం నానిపోయి, నూనె చుక్క పడ్డ పేపరులా మరకలు కడుతుంది. ఉబ్బి పరికరం గోడలకు అతుక్కుంటుంది. అందుకే బరువైన కాగితం తీసుకుని, రోలర్ల మధ్య బాగా నొక్కి, తడి పీల్చకుండా పూతలు వేస్తారు.

రెండోది వేడి. మామూలు కాగితం 200 డిగ్రీలు దాటితే రంగు మారి మాడటం మొదలుపెడుతుంది. ఐకోస్ తొలి పరికరాల్లో పొగాకు మధ్యలోకి దిగే బ్లేడు 350 డిగ్రీల దాకా వేడెక్కేది. గ్లోలో అయితే వేడి బయటినుంచి, దాదాపు 240 డిగ్రీలు. ఈ రెంటికీ కాగితం ఒకటే అయితే కుదరదు. లోపలి నుంచి వేడిచేసే దాంట్లో కాగితం వేడిని బయటికి పోనివ్వకూడదు. బయటి నుంచి వేడిచేసే దాంట్లో అదే కాగితం వేడిని లోపలికి ఇట్టే పోనివ్వాలి. ఒకటి కంబళిలా ఉండాలి, ఇంకోటి పెనంలా ఉండాలి!

మూడోది బిగువు. బ్లేడు మీదికి గుచ్చేటప్పుడు పుల్ల వంగకూడదు, నలగకూడదు. వాడేశాక లాగితే పొగాకు బ్లేడుకే అతుక్కుపోయి, ఉత్త కాగితం గొట్టం చేతికి రాకూడదు.

నాలుగోది గాలి. పాత కాగితం గుండా గాలి ఆడాలి, లేకపోతే నిప్పు ఆరిపోతుంది. ఇక్కడ నిప్పే లేదు. గాలి చొరబడితే ఆవిరి పల్చబడిపోతుంది. కాబట్టి కొరెస్టా అంకె వీలైనంత తక్కువుండాలి. ఇన్నాళ్లూ సందులు పెట్టడం నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు వాటిని పూడ్చడం నేర్చుకోవాలి.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యమైంది... అగ్గిపుల్ల. పరికరం లేనివాడు ఆ పుల్లను మామూలు సిగరెట్ అనుకుని వెలిగిస్తే? పాత కాగితమైతే భగ్గున అంటుకుంటుంది. అప్పుడు గ్లిజరిన్ పట్టించిన పొగాకుతో పాటు ప్లాస్టిక్ భాగాలు కూడా కాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి. అందుకే నిప్పును నడిపించే సిట్రేట్ లవణాలను పక్కన పెట్టేస్తారు. మంటను అడ్డుకునే ఖనిజాలు కలుపుతారు. లేదంటే కాగితం వెనక వెంట్రుకకన్నా ఎంతో పల్చటి అల్యూమినియం రేకు అతికిస్తారు. రేకు వేడిని నాలుగువైపులా పంచేసి ఒక్కచోట నిప్పు నిలవనివ్వదు.

ఇన్ని చేసినా చివర్లో ఇంకో చిక్కు. పూత అయినా, జిగురు అయినా, ముద్ర వేసిన రంగైనా... వేడెక్కితే వాటిలోంచి ఏది ఆవిరైనా పీల్చే మనిషి లోపలికే పోతుంది. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు ఐకోస్ పుల్లల్ని పరీక్షించినప్పుడు పొగాకు మాడిన గుర్తులు కనిపించాయి. పొగను చల్లబరచడానికి పెట్టిన ప్లాస్టిక్ పొర కరిగి విషపదార్థం వెలువడుతోందనీ వాళ్లు రాశారు. ఆ ఫలితాలను కంపెనీ ఒప్పుకోలేదు. వాదన ఎటు తేలినా, ఒక మాట మాత్రం నిజం. పుల్లలో పెట్టిన ఏ పదార్థమూ ‘ఊరికే అక్కడుంది’ అనుకోవడానికి లేదు.

వాడేశాక సంగతి కూడా చూడాలి. కాగితం ఒక్కటే అయితే మట్టిలో కలిసిపోతుంది. కాగితానికి అల్యూమినియం, దాని పక్కన ప్లాస్టిక్, మధ్యలో నికొటిన్ పట్టిన పొగాకు. విడదీసి మళ్లీ వాడుకోవడానికి రాదు, నేలలో తొందరగా కలవదు.

అమ్మ ముక్కుకు అందని వాసన

ఒకప్పుడు ఇళ్లలో జరిగే తంతు అందరికీ తెలిసిందే. కాలేజీ నుంచి వచ్చిన కొడుకు నేరుగా పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుంటుంటే తల్లికి అనుమానం వస్తుంది.

‘‘ఏదిరా, ఒకసారి నోరు ఊదు.’’

‘‘నేను కాదమ్మా, బస్సులో పక్కనోడెవడో కాల్చాడు.’’

బస్సులో పక్కవాడి మీద నెట్టేయడం తరతరాల అబద్ధం. తరతరాల తల్లులూ దాన్ని నమ్మలేదు. ఎందుకంటే చొక్కా చెప్పేసేది. వేళ్ల మీది పసుపు మరక చెప్పేసేది. జేబులో రాలిన బూడిద, అగ్గిపెట్టె, మేడమీద పీకలు... ఇన్ని సాక్ష్యాలుండేవి. ఆ రోజు తిట్లు తిన్నవాళ్లలో కొందరైనా ఆ తిట్ల పుణ్యమానే మానేశారు.

కాలని కాగితంతో ఈ సాక్ష్యాలన్నీ పోతున్నాయి. బూడిద లేదు. మంట లేదు. వేళ్లకు మరక లేదు. వాసన పూర్తిగా పోకపోయినా బాగా తగ్గింది. పరికరం చూస్తే ఫోను సామాను అనుకుంటారు. పుల్లలకు అంబర్, టర్కాయిస్ లాంటి అందమైన రంగుల పేర్లు. పట్టుకుంటే మెత్తగా, శుభ్రంగా, ఖరీదైన వస్తువులా ఉంటుంది. ఏ ఇబ్బంది చూసి జనం పొగాకుకు దూరం జరిగేవారో ఆ ఇబ్బందినంతా కాగితం ఇంజినీర్లు ఓపిగ్గా తుడిచేశారు.

మిగిలిందేమిటి? నికొటిన్. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2017లో కొలిచి చూస్తే ఐకోస్ పొగలో నికొటిన్ మామూలు సిగరెట్‌లో ఉన్నదాంట్లో 84 శాతం ఉంది. హానికరమైన రసాయనాల్లో చాలావాటి మోతాదు తగ్గినా, అవి లేకుండా పోలేదని వాళ్లు చెప్పారు. ఆ కొలిచిన పద్ధతి మీదా కంపెనీ అభ్యంతరం చెప్పింది. కాస్త అటూ ఇటూగా చూసినా, అలవాటుకు బానిసను చేసే సరుకు అలాగే ఉందన్నది ఎవరూ కాదనని మాట.

2020 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మధ్యేమార్గపు మాట చెప్పింది. సిగరెట్లు పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాలు ఒంట్లోకి వెళ్లడం తగ్గుతుందని చెప్పుకోవడానికి కంపెనీకి అనుమతిచ్చింది. జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నదిలా కనిపిస్తుంది. మూడు పెట్టెలు కాల్చే యాభై ఏళ్ల మనిషి దీనికి పూర్తిగా మారడం వేరు. ఎప్పుడూ పొగ ముట్టని పదిహేడేళ్ల కుర్రాడు ‘ఇది సిగరెట్ కాదుగా’ అని మొదలుపెట్టడం వేరు. కాగితానికి ఆ ఇద్దరి మధ్య తేడా తెలియదు.

చట్టం ఏమంటోంది?

మన దేశం ఈ విషయంలో నసగలేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్, అదే ఏడాది డిసెంబరులో చట్టం వచ్చాయి. అది ఈ-సిగరెట్ల నిషేధ చట్టమే అయినా, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలను కూడా అందులో పేరుపెట్టి మరీ చేర్చారు. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన... అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా.

దీన్ని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు సిగరెట్, బీడీ, గుట్కా పొట్లం సందు సందుకూ ఉండగా కొత్తదాన్నొక్కటే ఆపితే లాభమేంటి అంటారు. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో 28.6 శాతం, అంటే 26 కోట్ల మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఇది కాదనలేని లెక్కే. ఉన్న మంటను ఆర్పలేకపోతున్నామని కొత్త పొయ్యి వెలిగించుకుంటామా అని రెండో పక్షం అడుగుతుంది. అదీ కాదనలేని ప్రశ్నే.

ఈ వాదనలో మన ఊళ్లకూ వాటా ఉంది. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు పెట్టారు. అంతకుముందే 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం వచ్చింది. ప్రకాశం, పశ్చిమగోదావరి పల్లెల్లో పొగాకు ధరను బట్టి పెళ్లి ముహూర్తాలు పెట్టుకున్న రైతులున్నారు. చాట ముందు కూర్చుని పిల్లల్ని చదివించిన బీడీ కార్మికులున్నారు. ఒక సిగరెట్ సైజు పొగాకు 12 మిల్లీమీటర్లకు కుదించుకుపోతే, ఆకు పోయి పొడి వస్తే, అది వాళ్ల బతుకుకు తగిలే దెబ్బ. చుట్టు ఎప్పుడు మారినా ముందు చేతులు మారతాయి. బాన్సాక్ యంత్రం వచ్చినప్పుడు అమెరికాలో సిగరెట్లు చుట్టేవాళ్లకు జరిగిందీ అదే.

కాగితమే నోరు విప్పితే...

కాగితాన్ని అమ్మకానికి వాడుకున్నట్టే ఆపడానికీ వాడుకోవచ్చని కొన్ని దేశాలు కనిపెట్టాయి. ఆస్ట్రేలియా 2012 డిసెంబరు నుంచి సిగరెట్ పెట్టె మీద రంగులు, గుర్తులు తీసేసింది. మన దగ్గర 2009 మే 31న బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర అవే ఉండాలన్నారు. ఐరోపా సమాఖ్యలో 2023 అక్టోబరు నుంచి వేడిచేసే పొగాకు పుల్లల్లోనూ మెంథాల్ లాంటి రుచులు ఉండకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది.

కెనడా ఇంకో అడుగు ముందుకేసింది. పెట్టె మీద రాస్తే జనం పెట్టె తెరిచాక చూడటం లేదు, విడిగా ఒక్కోటి కొనేవాళ్లయితే అసలు పెట్టే చూడరు. అందుకని ఒక్కో సిగరెట్ మీదే రాయమంది. 2023 ఆగస్టు 1న ఆ నిబంధనలు మొదలయ్యాయి. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. పెదవులకు తగిలే చోటే, ఫిల్టరు మీది కాగితం మీదే, ప్రతి దమ్ములోనూ విషముందనీ, పొగాకు పొగ పిల్లలకు చేటనీ అచ్చేసి ఉంటుంది. ఆ మాట చదవకుండా నోట్లో పెట్టుకోవడం కష్టం.

ఒక కాగితం ఇల్లు తగలబడకుండా ఆపగలిగింది. ఇంకో కాగితం వాసన రాకుండా దాచగలిగింది. మరో కాగితం నిజం చెప్పగలిగింది. మూడూ దాదాపు ఒకే నారతో, ఒకే సుద్దతో చేసినవే. ఏ పని అప్పజెప్పాలన్నది మాత్రం కాగితం చేతిలో లేదు.

పిల్లలున్న ఇళ్లలో ఈ కబురు ఒకసారి మాట్లాడుకోవడం మంచిది. చొక్కా వాసన చూస్తే తెలిసిపోయే రోజులు పోతున్నాయి. ఇక ముందు అమ్మానాన్నలకు తెలియాలంటే పిల్లలు నోరు తెరిచి చెప్పగలిగేంత చనువు ఇంట్లో ఉండాలి. ఆ చనువును ఏ మిల్లులోనూ తయారుచేయలేరు.